చెఱసాల గోడకు ఆవల

యుద్ధమున శత్రువులకు చిక్కిన యోధుడు చెఱసాల గోడ దాటి బయటపడుట యొక యెత్తు. బయటపడినవాడు తన యింటి గడప త్రొక్కుట వేరొక యెత్తు. మొదటిదానికి చేతిబలము, ఓర్పు, చీకటిరాత్రి యుండిన చాలును. రెండవదానికి దారి తెలియవలెను. దారిలో నెదురగు పరాయివారి చూపులకు నిలువగల వేషము కావలెను. అడిగిన ప్రశ్నకు తడబడని సమాధానము నాలుకపై నుండవలెను. ఈ రెంటికిని నడుమ నెంత దూరము గలదో తెలిసికొన గోరువారు 1972వ సంవత్సరము ఆగస్టు 13వ తేదీన రావల్పిండిలో చెఱ తప్పించుకొని పోయిన మన వాయుసేన వైమానికులు మువ్వురి కథ వినవలెను.

1971 డిసెంబరు 3న మొదలై 16న ముగిసిన యుద్ధములో తూర్పున పాకిస్తాను సైన్యము లొంగిపోగా సుమారు 93,000 మంది మన వశమైరి. పశ్చిమరంగమున విమానములు కూలగా పారాచూటులతో శత్రుభూమిపై దిగిన మన వైమానికులు కొందఱు వారి చేత జిక్కిరి. వీరిలో పన్నెండుగురిని రావల్పిండిలో పాకిస్తాను వాయుసేన పోలీసుల ఆవరణలో నుంచిరి. 1972 జూలై 2న సిమ్లాలో ఒడంబడిక కుదిరినను, యుద్ధఖైదీల విడుదల మాట అందులో తేలలేదు. శిక్షపడిన నేరస్థునకు శిక్ష ముగియు దిన మెప్పుడో తెలియును, దినము లెంచుకొనును. యుద్ధఖైదీకి ఎంచుకొనుటకు దినములే లేవు. ఆ అనిశ్చితి యినుప ఊచలకంటె కఠినమైనది.

ఇచ్చట పాఠకులు గ్రహింపదగిన ధర్మసూక్ష్మ మొకటి గలదు. యుద్ధఖైదీ నేరస్థుడు కాడు. అతడు పాఱిపోవ యత్నించుట పాపమును గాదు. 1949 నాటి జెనీవా ఒడంబడిక ప్రకారము, పాఱిపోవుచు పట్టుబడిన ఖైదీకి క్రమశిక్షణకు సంబంధించిన స్వల్పశిక్ష మాత్రమే విధింపవలెను. అదియును 30 దినములను మించరాదు. తన సేనను చేరుకొన్నవాడు మఱల నెన్నడైన చిక్కినచో, వెనుకటి పలాయనమునకు వానిని శిక్షింపనే కూడదు. స్వేచ్ఛను గోరుట మనుష్యునకు సహజమని అంతర్జాతీయ న్యాయము కూడ ఒప్పుకొన్నదన్నమాట.

ఈ సాహసమునకు సూత్రధారి దిలీప్ పరూల్కర్. 1965 యుద్ధమున కుడిభుజమున గుండు దాకినను విమానమును స్వస్థానమునకు చేర్చిన ధీరు డాయన. 1971 డిసెంబరు 10న ఆయన విమానము కూలెను, ఆయన చిక్కెను, చిక్కిన నాటినుండియు తప్పించుకొను నుపాయమే ఆలోచించెను. మల్వీందర్ సింగ్ గ్రేవాల్, హరీశ్ సింహ్‌జీ ఆయనకు తోడైరి. గది వెనుకగోడ మందము 18 అంగుళములు. కన్నము వేయుటకు వారికి దొరికినవి కత్తెర, స్క్రూడ్రైవరు వంటి చిల్లర పనిముట్లు. రాత్రివేళ ఒకరు మంచము మాటున గోడ గీకుచుండ, మఱియొకరు కావలివాని యడుగుల చప్పుడునకు చెవి యొగ్గుచుండిరి. ఊడివచ్చిన ఇటుక పెళ్ళలు మంచము క్రిందను, రెడ్‌క్రాసు వారు పంపిన పార్సెళ్ళ అట్టపెట్టెలలోను దాగుచుండెను. ఇటుకలు లొంగినవి గాని, గోడ వెలుపలి సిమెంటు పూత లొంగలేదు. మొదట నిశ్చయించుకొన్న రాత్రి దానివలననే వ్యర్థమయ్యెను. వారు నిరాశపడక మఱల మొదలుపెట్టిరి.

ఇంటికి పోవలసినవారు తూర్పునకు గదా నడువవలెను! వారు పడమరకు బయలుదేరిరి. యుద్ధము ముగిసి ఎనిమిది నెలలే యైన ఆ దినములలో భారతదేశపు సరిహద్దు వెంబడి ఇరుసేనలును కండ్లలో వత్తులు వేసికొని కాచుచుండెను. ఆఫ్ఘనిస్తానము తటస్థదేశము, ఖైబరు కనుమ దాటి ఆ గడ్డపై అడుగిడినచో స్వదేశమునకు దారి తెఱచుకొనును. చుట్టుదారియే దగ్గరిదారి యైనది. కుట్టుసూదిని అయస్కాంతపఱచి దిక్సూచి చేసికొనిరి. విమానము నడుపునపుడు తొడుగు ప్రత్యేకపు దుస్తు లోపలి రబ్బరు సంచిని మంచినీటి తిత్తిగా మార్చుకొనిరి. స్థానికుల వలె సల్వారు కమీజులు సమకూర్చుకొనిరి. సరిహద్దు ప్రాంతపు పట మొకటి సంపాదించి అందలి యూళ్ళ పేర్లు కంఠస్థము చేసిరి.

ఆగస్టు 12వ తేదీ శనివారము రాత్రి గాలివాన చెలరేగెను. అర్ధరాత్రి దాటిన పిమ్మట మువ్వురును కన్నము గుండ ఒకరి వెనుక నొకరు వెలుపలికి ప్రాకి, ప్రహరి దాటి, వీథిలో పడిరి. అచ్చటినుండి పెషావరు బస్సెక్కి తెల్లవాఱునప్పటికి ఆ నగరము చేరిరి. జమ్రూదు మీదుగా మఱియొక బస్సు పైకప్పున గూర్చుండి, ఇరుప్రక్కల రాతికొండలు చూచుచు, ఉదయము పూర్తిగా గడవక మునుపే లండీకోటల్ అను నూరు చేరుకొనిరి. అచ్చటికి సరిహద్దు సుమారు నాలుగు మైళ్ళు. రావల్పిండిలో వారు తప్పించుకొన్న సంగతి యింకను బయటపడలేదు.

ఇక నాలుగు మైళ్ళే!

వారి పటములో సరిహద్దున కతిసమీపమున లండీఖానా అను రైలుస్టేషను పేరు గలదు. తేనీటి దుకాణమువద్ద ఎంతో సహజముగా, లండీఖానా ఎంత దూరమని యడిగిరి. ఖైబరు రైలుమార్గము 1925లో లండీకోటల్ వఱకును, 1926లో లండీఖానా వఱకును వేయబడినది. కాని లండీఖానా భాగము 1932లోనే మూతపడెను. నలువది యేండ్ల క్రిందట రైలు నిలిచిపోయిన స్టేషనునకు దారి యడుగువాడు ఆ ప్రాంతపువాడు కాజాలడు. పటముపై సిరా చెరగలేదు గాని, జనుల నోట ఆ పేరు ఏనాడో చెరగిపోయెను. తహసీల్దారు కచేరీ గుమాస్తా యొకడు ఈ ప్రశ్న విని నిలదీసెను. పశ్చిమ పాకిస్తానులో చిక్కుకొన్న బెంగాలీలు ఆ దినములలో ఆ త్రోవనే ఆఫ్ఘనిస్తానమునకు జాఱిపోవుచుండుటచే, వీరును బెంగాలీలే యని అతడు తలంచెను. తాము లాహోరు నుండి సెలవుపై వచ్చిన పాకిస్తాను వాయుసేన ఉద్యోగులమని వీ రెంత చెప్పినను నమ్మినవాడు లేడయ్యెను. ఎనిమిదినెలల ఆలోచనను, వారాల తరబడి సాగిన రెక్కలకష్టమును ఒక్క పాతపేరు పట్టియిచ్చెను.

అది గిరిజన ప్రాంతము. తుపాకి భుజమున లేని మగవాడచ్చట అరుదు. గూఢచారు లనుకొన్నచో ప్రాణములు దక్కుట కల్ల. అప్పుడు పరూల్కర్ నోట నొక పేరు వెలువడెను: స్క్వాడ్రన్ లీడర్ ఉస్మాన్ హమీద్. ఈ ఉస్మాన్ తొలుత వారి శిబిరాధిపతి. 1971 క్రిస్మసు దినమున కేకు తెప్పించి, అంతవఱకు వేర్వేఱు గదులలో ఒంటరిగా మ్రగ్గిన ఖైదీల నొకచోట కూర్చి పండుగ చేయించిన సహృదయుడు. అప్పటికి ఆయన పాకిస్తాను వాయుసేనాధిపతికి సహాయకాధికారిగా నుండెను. ఆయనతో నొకమాఱు మాటాడనిండని పరూల్కర్ పట్టుబట్టెను. టెలిఫోను కలిపిరి. గొంతు వినినంతనే ఉస్మానునకు సర్వమును బోధపడెను. వీరు మా వారే, బంధించి యుంచుడు, కొట్టకుడు, భద్రముగా కాపాడుడని ఆయన తహసీల్దారునకు జెప్పెను. శత్రుదేశపు అధికారి నోటిమాట మువ్వురు భారతీయుల ప్రాణములకు అడ్డుగా నిలిచెను.

ఈ తుదిఘట్టము విలువ తెలియవలెనన్న ఇరువదియెనిమిదేండ్లు వెనుకకు పోవలెను. 1944 మార్చి 24వ తేదీ రాత్రి జర్మనీ వశమందలి సాగన్ శిబిరమునుండి 76 మంది మిత్రపక్ష వైమానికులు సొరంగము గుండ తప్పించుకొనిరి. ఇల్లు చేరినవారు మువ్వురే. వారిలో ఇద్దఱు నార్వే దేశీయులు, ఒకడు డచ్చివాడు. పట్టువడిన 73 మందిలో 50 మందిని హిట్లరు ఆజ్ఞపై కాల్చి చంపిరి. రావల్పిండి వైమానికులకు గూడ ఏకాంతవాసపు శిక్ష పడెను. కాని వారి తలలు నిలిచెను. ఈ రెండు కథలకును గల భేదము ఖైదీల తెలివిలో లేదు, ధైర్యములో లేదు. చెఱపట్టినవారి ధర్మబుద్ధిలో గలదు.

పిమ్మట వారిని లాయల్‌పూరు శిబిరమునకు తరలించిరి. 1972 డిసెంబరు 1న తోటి ఖైదీలతో గూడ వాఘా వద్ద సరిహద్దు దాటి, పట్టపగలు, రాజమార్గమున నడిచి, పరూల్కర్, గ్రేవాల్, సింహ్‌జీ స్వదేశము చేరిరి.

మన వీరులను బ్రతికించి మనకు దక్కించినవాడు మన పగవాడే యని చెప్పుకొనుటకు మనము సంకోచింపరాదు. చేతచిక్కిన శత్రువునకు అన్నము పెట్టినవాని పేరు, గోడకు కన్నము వేసిన ధీరుల పేర్లతోబాటు, మన పిల్లలకు నేర్పవలసినదే.