కీళ్ళమాత్ర – కడుపులో పురుగు

మా నాయనమ్మకు కీళ్ళవాతం. పొద్దున్నే వేళ్ళు బిగుసుకుపోయి చెంబు కూడా పట్టుకోలేకపోయేది. డాక్టరుగారు ప్రెడ్నిసొలోన్ మాత్రలు రాశారు. నాలుగోనాటికి తన జడ తానే వేసుకుంది! ఇంటిల్లిపాదీ సంతోషించాం. నాకు మాత్రం జంతుశాస్త్రంలో చదివిన ఓ పురుగు గుర్తొచ్చింది.

దానిపేరు స్ట్రాంజిలాయిడిస్. 1876లో వియత్నాం ప్రాంతం నుంచి తిరిగొచ్చిన ఫ్రెంచి సైనికుల విరేచనాల్లో తొలిసారి కనబడింది. మలం కలిసిన తడిమట్టిలోని డింభకాలు వట్టిపాదాల చర్మాన్ని తొలుచుకుని రక్తంలో పడతాయి. ఊపిరితిత్తులు చేరి, గొంతులోకి పాకి, మింగుడుపడి చిన్నప్రేవులో కాపురం పెడతాయి. ఏలికపాము, కొంకిపురుగు లాంటివాటి సంతతి పెరగాలంటే గుడ్లు బయటపడాల్సిందే. దీని సంగతి వేరు. కొన్ని డింభకాలు బయటికి పోకుండానే ప్రేవుగోడను తొలిచి మళ్ళీ ప్రయాణం కడతాయి. అందుకే రెండో ప్రపంచయుద్ధంలో బర్మా రైలుమార్గం వేసిన ఖైదీల్లో కొందరికి ముప్ఫై ఏళ్ళ తర్వాత కూడా ఇది కడుపులో దొరికింది.

ఇన్నేళ్ళూ దాన్ని అదుపులో ఉంచేది మన వ్యాధినిరోధక శక్తే. కీళ్ళను వాయించేదీ ఆ శక్తే, దారితప్పినప్పుడు. 1948లో హెంచ్ అనే అమెరికా వైద్యుడు కార్టిసోన్‌తో దాన్ని నిద్రపుచ్చి కీళ్ళవాతాన్ని తగ్గించాడు. 1950లో నోబెల్ బహుమతి పొందాడు. కానీ కాపలావాడు నిద్రపోతే పురుగుకు పండగే గదా! డింభకాలు లెక్కకు మించి పెరిగి, ప్రేవుల్లోని బాక్టీరియాను మోసుకుంటూ రక్తంలోకి, ఒక్కోసారి మెదడుదాకా పోతాయి. దగ్గు, ఆయాసం చూసి ఉబ్బసమనుకుని స్టెరాయిడ్ పెంచితే అగ్నిలో ఆజ్యమే. చికిత్స అందకుంటే బతకడం అరుదు.

(కీళ్ళవాతానికి వారానికోసారి ఇచ్చే మెథోట్రెక్సేట్ వెనక మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం కృషి ఉంది. బోదకాలు పురుగుకు హెట్రజాన్ ఇచ్చిందీ వారే. స్ట్రాంజిలాయిడిస్ విషయంలో అసలు భయం మాత్రం స్టెరాయిడ్‌తోనే.)

భయపడి మాత్ర టక్కున మానేస్తే అదింకో ప్రమాదం. చేయాల్సింది పరీక్ష. ఒక్కసారి మలపరీక్షలో ఇది తరచు చిక్కదు. రెండుమూడు రోజులు ఇవ్వాలి. యాంటీబాడీల కోసం రక్తపరీక్ష కూడా ఉంది. మందు ఐవర్‌మెక్టిన్, కిలో బరువుకు 200 మైక్రోగ్రాములు. బడిపిల్లలకు పంచే ఆల్బెండజోల్ ఒక్కమాత్ర దీనికి చాలదు.

భయం చెబితే డాక్టరుగారు కసురుకోలేదు. "అమ్మా, పొలంలో చెప్పులు లేకుండా తిరిగేవారా?" అని అడిగారు. నాయనమ్మ నవ్వింది. "చెప్పులేసుకుని నాట్లేస్తారా నాయనా?" అంది. మూడోరోజు మలంలో డింభకాలు కనబడ్డాయి. మందు వేశారు. మళ్ళీ పరీక్షకు రమ్మన్న రోజు నాకు ప్రాక్టికల్స్, బాబాయి తీసుకెళ్తానన్నాడు.