తల్లి పేరు లేని వంశవృక్షము

మన యిండ్లలో పెండ్లిమాట వచ్చినను, క్రొత్తవా రెవరైన వచ్చి పీటమీద కూర్చుండినను, మొదట నడుగు ప్రశ్న "మీరెవరివారు?" అనునది. ఇంటిపేరు చెప్పుదుము, గోత్రము చెప్పుదుము, పుట్టినయూరును మేనమామల యూరును చెప్పుదుము. ఆ నాలుగు మాటలతో లోకములో మనకొక చోటు దొరకును. ఈ ప్రశ్నకు ఒక్కమాటలో బదులు చెప్పలేనివారు మనదేశమందు మూడువందల యేండ్లకు పైబడి యున్నారు. తండ్రి వంక తెల్లవారు, తల్లి వంక మనవారు. వీరినే ఆంగ్లో యిండియనులందురు. వారి ఉద్యోగముల సంగతి, రైలుబండ్ల సంగతి పలువురు వ్రాసిరి. వారి మనస్సుల సంగతియు, అందును వారి తల్లుల సంగతియు స్త్రీలమైన మనము తెలిసికొనదగియున్నదని తోచి యీ వ్యాసము వ్రాయుచున్నాను.

ఈ కథకు మా చిత్తూరు సీమతో సంబంధము లేకపోలేదు. 1639లో ఇంగ్లీషు వర్తకులకు మదరాసు తీరమున కోట కట్టుకొనుటకు చోటిచ్చినవాడు దామర్ల వేంకటాద్రి నాయకుడు. అతడు చంద్రగిరి రాయలకు లోబడినవాడు. ఆ కోటలోనికి సముద్రము దాటి వచ్చిన సిపాయిలకు తోడుగా వారిదేశపు స్త్రీలు రాలేదు. 1687లో కుంపిణీ డైరెక్టర్లు మదరాసుకు జాబు వ్రాయుచు, సిపాయిలు ఇచ్చటి స్త్రీలను పెండ్లాడుట మేలనియు, వారికి కలిగిన బిడ్డకు జ్ఞానస్నానము జరిగిన దినమున తల్లికొక వరహా బహుమానమీయవలెననియు తెలిపిరి. నూరేండ్లు గడచునప్పటికి మాట మారినది. తల్లిదండ్రులలో నొకరు ఈ దేశస్థులైనచో అట్టివానికి కుంపిణీ కొలువులో పెద్ద యుద్యోగము లేదని 1791లో శాసించిరి. 1795 నాటికి వారికి సైన్యములో తప్పెట కొట్టుట, పిల్లనగ్రోవి ఊదుట, గుఱ్ఱములకు లాడములు వేయుట వంటి పనులే మిగిలినవి. వరహా లిచ్చి కనుమన్న బిడ్డలకు చివరకు తప్పెటలు చేతికిచ్చిరన్నమాట.

తరువాత టెలిగ్రాఫు వచ్చెను, రైలు వచ్చెను. గుంతకల్లు, బిట్రగుంట వంటి జంక్షనులలో డ్రైవరులుగను గార్డులుగను వీరే యుండిరి. మాకు పొరుగున నున్న కోలారు బంగారుగనులలోను వీరి కుటుంబములు పెక్కులు స్థిరపడెను. మొదట వీరిని యూరేషియనులనిరి. 1911 జనాభాలెక్కలో ఆంగ్లో యిండియనులను పేరు వ్రాసిరి. తెల్లవారు మాత్రము వీరి ఉచ్చారణను వెక్కిరించుచు "చీచీ" యనెడివారు. ఆ మాట మన "ఛీ" నుండియే పుట్టినదని 1886లో అచ్చైన హాబ్సన్ జాబ్సన్ నిఘంటువు చెప్పుచున్నది. తిట్టుటకైనను మన మాటయే వారికి కావలసివచ్చినది!

మన రాజ్యాంగములో 366వ అధికరణము ఆంగ్లో యిండియను ఎవరో నిర్వచించినది. తండ్రియో, తండ్రి వంక పురుష పరంపరలో నొకడో ఐరోపావాడై యుండవలెను. పాఠకురాండ్రు ఈ మాట నొక్కసారి నిదానించి చూడుడు. తండ్రి తెల్లవాడు, తల్లి తెలుగుది యైనచో బిడ్డ ఆ జాతివాడు. తల్లి తెల్లది, తండ్రి తెలుగువాడైనచో కాడు. ఎవరి కడుపున పుట్టెనో ఆ లెక్కకు అక్కఱలేదు. పాత జ్ఞానస్నానపు పుస్తకములలో తండ్రి పేరు, పదవి వివరముగా వ్రాసి, తల్లి చోట "ఈ దేశపు స్త్రీ" అని మాత్రము వ్రాసి విడిచినవి అనేకములు. ఈ జాతికి ఆదిమాతలైన మన ఆడపడుచుల పేర్లు అట్లు మాసిపోయినవి.

పేరు మాసిన తల్లి బిడ్డ మనస్సులో మాయునా? దీనికి హైదరాబాదులో జరిగిన యొక వృత్తాంతము చెప్పెదను. 1798 మొదలు 1805 వఱకు అచ్చట ఇంగ్లీషువారి రెసిడెంటుగా నుండిన జేమ్సు అకిలీసు కిర్కుపాట్రికు ఖైరున్నీసా యను ఉన్నత వంశపు ముసల్మాను కన్యను వివాహమాడెను. వారికొక కొడుకు, ఒక కూతురు. ఇంటిలో వారిని సాహెబ్ ఆలం, సాహెబ్ బేగం అని పిలిచిరి. 1805లో, కొడుకునకు అయిదవయేడు నిండకమునుపే, కూతురికి మూడేండ్ల ప్రాయమున, చదువు పేర వారిని మదరాసులో ఓడనెక్కించిరి. ప్రయాణమునకు ముందు జార్జి చిన్నరీ యను చిత్రకారుడు ఆ పిల్లలిద్దఱి పటము వ్రాసెను. తురకపు దుస్తులలో, జరీ టోపీలతో నిలిచియుందురు. ఆ సంవత్సరమే అక్టోబరులో తండ్రి కలకత్తాలో మరణించెను. మరుసటి యేడు లండనులో పిల్లలకు జ్ఞానస్నానము చేసి విలియము, కాథరీను అని పేర్లు మార్చిరి. తల్లివారికి జాబులు వ్రాయనీయలేదు. ఖైరున్నీసా బిడ్డలను మఱల చూడకయే 1813లో ఇరువదియేడేండ్ల వయస్సున కన్నుమూసెను.

కూతురు కిట్టీ యను ముద్దుపేరుతో పెరిగి పెద్దదై, మిక్కిలి సౌందర్యవతి యని పేరొందెను. థామసు కార్లయిలు అంతటి రచయిత ఆమెయందు అనురాగము గలవాడై, తన గ్రంథములోని నాయికకు ఆమె పోలికలిచ్చెనని పండితులు చెప్పుదురు. ఆమె పెండ్లాడినది, బిడ్డలను కనినది. లోకము దృష్టిలో ఆమెకేమి లోటు? అయినను నలువది యేండ్ల ప్రాయమునకు సమీపించిన తరుణమున, ఒకరి యింట గోడమీద తనయు అన్నయు చిన్ననాటి పటము నాకస్మికముగా చూచి యామె కంట తడిపెట్టెను. ఆ త్రోవనే, హైదరాబాదులో అమ్మమ్మ షరఫున్నీసా యింకను బ్రతికియున్నదని తెలిసెను. 1841 ప్రాంతమున జాబులు మొదలయ్యెను. ఆమె యింగ్లీషులో వ్రాయును, అమ్మమ్మ పారశీకమున వ్రాయించును, నడుమ ఇతరులు అర్థము చెప్పవలెను.

ఆ జాబులలో నొకదానియందు కిట్టీ తన మనస్సు విప్పి చెప్పుకొనెను. విడిపోవునాడు తల్లి కూర్చున్న చోటు, ఆమె తన పొడవైన జుట్టు పీకికొనుచు ఏడ్చిన యేడుపు తనకింకను కన్నులకు కట్టినట్లున్నవట. మూడేండ్ల బిడ్డ జ్ఞాపకమది! అప్పుడప్పుడు తల్లి కలలో కనబడునట. దొరకినది గదా యని సంతోషించునట. కాని తాను మాటలాడు ఇంగ్లీషు తల్లికి తెలియదు. ఆ బాధతో మేల్కొనునట. అమ్మమ్మ 1847లో పోయినది. వారిరువురును చివరివఱకు ఒకరినొకరు చూచుకొనలేదు. కిట్టీ 1889లో ఇంగ్లండులో మరణించెను. ఆమె తండ్రి కట్టించిన కోఠీ రెసిడెన్సీ 1949 నుండి ఆడుపిల్లల కళాశాలయై, నేడు మహిళా విశ్వవిద్యాలయముగా నున్నది.

ఆ కలను గూర్చి నేను చాల దినము లాలోచించితిని. కిట్టీకి బెంగ పుట్టించినది మిశ్రమ రక్తము కాదు. సగము జీవితమును కోసివేసి, అది యెన్నడును లేనట్లు పెంచుట. సినిమా తార మెర్లీ ఒబెరాను సంగతి ఇంకను విపరీతము. బొంబాయిలో 1911లో పుట్టి, టాస్మేనియాలో పుట్టితినని జీవితమంతయు చెప్పుకొనెను. తన్ను పెంచిన శ్యామవర్ణపు తల్లిని అతిథులయెదుట దాసిగా చూపెనని జీవితచరిత్రకారులు వ్రాసిరి. నిజము బయటపడినచో ఆ దినములలో ఆమెకు తెరమీద చోటుండదు. ఆమెను నిందించుటకు నాకు నోరాడదు.

మా యింటికి రెండు వీథుల దూరములో ఒక పెద్దామె కలదు. తండ్రి రేణిగుంటలో రైల్వే గార్డు. డెబ్బది దాటినది, పిల్లలకు ఇంగ్లీషు చెప్పి జీవించినది గనుక అందఱమును టీచరమ్మగారందుము. ఆమె తెలుగు నా తెలుగుకంటె తేటగా నుండును. అయినను చిన్నతనమున భోజనపు బల్లవద్ద తెలుగుమాట వచ్చినచో తండ్రి కోపించెడివాడట. తెలుగంతయు వంటింటిలో ఆయాతోనే. ఆమె చేయు ఉండలకూర, కొబ్బరిపాల పసుపన్నము నేను తినను గాని వాసన యెరుగుదును; "పెప్పర్ వాటర్" అని వారు పిలుచునది మాత్రము అచ్చముగా మన మిరియాల చారే. చట్టములో కానరాని ముత్తవ్వ చారుగిన్నెలో కానవచ్చుచున్నది.

"మాది ఈ వూరేనమ్మా అంటే ఎవరూ నమ్మరు," అని యామె యొకనాడనెను. "అది సరే, అసలు వూరు చెప్పండి అంటారు. అసలు వూరంటే ఏదమ్మా? నేను పుట్టిందీ ఈడే, మా నాయనను పూడ్చిందీ ఈడే." అన్నగారు తెల్లగా నుండుటచే 1960 దశకములో ఆస్ట్రేలియా వెళ్ళగలిగెను. ఆ దేశమున అప్పటికింకను తెల్లవారినే రానిచ్చు విధానము పూర్తిగా పోలేదు; అది 1973లో గాని అంతరింపలేదు. పూర్వికులలో ఐరోపావా రెందఱో, మొగము రంగేమో చూచెడివారు. ఈమె రంగు తక్కువ. ఒకే తల్లిబిడ్డలను చర్మము విడదీసినది. అన్న వెళ్ళిన తరువాత ఈమె దాదాపొక సంవత్సరము గడపదాటలేదు. నిద్రలేదు, అన్నము సహింపదు. గాలి సోకినదని కొందఱు తాయెత్తులు కట్టిరి. కట్టకడపట వేలూరులో ఒక వైద్యురాలు మందిచ్చి, వారమువారమును కూర్చుండబెట్టి మాటలాడించి స్వస్థపఱచినది. "నీకు బాధేమి అని అడిగినవాళ్ళు చాలామంది. మీ అవ్వ ఎవరు అని అడిగింది ఆయమ్మ ఒక్కతే," అని టీచరమ్మగారు చెప్పిరి.

మనశ్శాస్త్రజ్ఞులును ఈ సంగతి నాలస్యముగానే గ్రహించిరి. రెండుజాతుల నడుమ పుట్టినవాని మనస్సు తప్పక రెండుగా చీలియుండునని 1937లో స్టోన్‌క్విస్టు అను అమెరికా పండితుడు ఒక గ్రంథమే వ్రాసెను. ఆ యభిప్రాయము చిరకాలము చెల్లినది. మేరియా రూటు మొదలైనవారు 1990 దశకములో దానిని ప్రశ్నించిరి. కీడు పుట్టుకలో లేదు, చుట్టునున్నవారి త్రోపుడులో నున్నది. ఇరుప్రక్కల వారును "నీవు మావాడవు కావు" అన్నపుడు, ఒకరిని కావలెనన్న రెండవవారిని కాదనవలసివచ్చినపుడు దిగులు, భయము, తన్ను తాను రోయుట పుట్టునని వారి మతము. 2000 సంవత్సరపు జనాభాలెక్కలో అమెరికావారు మొదటిసారిగా ఒకటికంటె నెక్కువ జాతులను గుర్తించుకొనుట కనుమతించిరి. అంతవఱకు తల్లి గడియో తండ్రి గడియో, ఒక్కటే!

మన పెద్దలకిది తెలియని విషయమా? వ్యాసుల వారిది దాశకన్య గర్భము. సత్యకాముడు గోత్రమడిగినపుడు తల్లి జబాల, "నాకు తెలియదు నాయనా, నా పేరు చేర్చి చెప్పుము" అన్నది. గురువు గౌతముడు ఆ సత్యమునకు మెచ్చి శిష్యునిగా చేర్చుకొనెను. ఘటోత్కచుని సంగతి వేరు. అవసరమునకు పిలిచిరి, కర్ణుని శక్తికి బలిచేసిరి. ద్రోణపర్వములో పాండవుల దుఃఖము వినుదుము. హిడింబ యేడ్చెనో లేదో వినము. ఇక మా తిరుపతి వేంకటేశ్వరునికి బీబీ నాంచారమ్మ దేవేరి యని జనులు చెప్పుకొందురు. ఆమె తమ యాడపడుచని కడపలోని ముసల్మానులు ఉగాదినాడు దేవుని కడప గుడికి వచ్చి మ్రొక్కుదురు. అచ్చట పుట్టినింటి పేరును ఎవరును చెరిపివేయలేదు.

ఇప్పుడీ మాటలన్నియు ఎందుకనగా, రైల్వే కాలనీలు పలుచబడినవి. 1960తో వారి ఉద్యోగపు ప్రత్యేక వాటాలు, 2020 జనవరితో శాసనసభలలోని నియామకపు స్థానములు పోయినవి. కాని మిశ్రమ సంతతి మన యిండ్లలోనే పుట్టుచున్నది. అమెరికాకో జర్మనీకో పోయిన కొడుకు అచ్చటి పిల్లను చేసికొనును, కూతురు అచ్చటివానిని చేసికొనును. మనుమడికి పుట్టువెండ్రుక లిప్పించుటకు కొండకు తెత్తురు. అపుడు మన ముత్తయిదువలు చేయునదేమి? "రంగు తల్లిది, ముక్కు మనది" అని బిడ్డను ముక్కలుచేసి పంచుకొందురు. లేదా తల్లి యెదుట లేనపుడు "నీవు అచ్చముగా మావాడవురా" అని ముద్దుచేయుదురు. ప్రేమతో అన్న మాటయే. కాని ఆరేండ్లవానికి, అమ్మ మావారిలోనిది కాదు అని యర్థమగును. మా బంధువులలో ఒక పసిది అట్టి మాట విని, రెండుదినములు తల్లి చేయి పట్టుకొననొల్లలేదు.

అమ్మమ్మ పేరు, నాయనమ్మ పేరు రెండును బిడ్డకు కంఠపాఠము కానిండు. కోడలి తల్లితో ఫోనులో మాట కలుపుడు. భాష రాకున్నను మొగము చూపుడు, బిడ్డ అది గమనించును. తెలుగు నేర్పుడు గాని, రెండవ భాషను తక్కువచేసి నేర్పకుడు. "నేనెవరిని?" అని యడిగినపుడు నవ్వి త్రోసివేయక కూర్చుండబెట్టి కథ చెప్పుడు. బిడ్డ మొగము రంగు పోవునని రుద్దుకొనుచున్నను, బడికి పోనని మారాము చేయుచున్నను, నిద్రాహారములు తప్పి రెండు వారములు దాటినను, దిష్టి తీయుటతో సరిపుచ్చక వైద్యునకు చూపవలెను. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగము కలదు. కదలలేనివారు 14416 అను నంబరుకు ఫోను చేసినచో టెలి మానస్ వారు ఖర్చులేకుండ రాత్రింబవళ్ళు తెలుగులోనే మాటలాడుదురు. 2022 అక్టోబరు నుండి ఈ యేర్పాటు నడుచుచున్నది.