ఇంజిన్ కాగిందంటే ఇంజెక్టరే దోషా?

"అన్నా, బండి కుంపటైపోతోంది. ఇంజెక్టర్ క్లీన్ చేసెయ్." మే నెల మధ్యాహ్నం మెకానిక్ షెడ్డు ముందు ఓ కుర్రాడి మాట ఇది. రోగమూ మందూ రెండూ తనే చెప్పేశాడు. మెకానిక్ ఇంజెక్టర్ జోలికి పోలేదు. ఇంజిన్ చల్లారనిచ్చి ప్లగ్గు విప్పాడు. దాని మొన సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త బండ్లలో కార్బురేటర్ దాదాపు కనుమరుగై, దాని చోట ఇంజెక్టర్ కూర్చుంది. పాత నమ్మకాలు మాత్రం అలాగే ఉన్నాయి.

అపోహ: సిలిండర్ మీద పడిన నీటిచుక్క చుయ్‌మంటే ఇంజిన్ పాడైనట్టే.
వాస్తవం: గాలితో చల్లబడే ఇంజిన్‌లో సిలిండర్ హెడ్ మామూలుగానే 100 డిగ్రీలు దాటుతుంది. చుక్క చుయ్‌మనడంలో వింత లేదు. ఎత్తెక్కేటప్పుడు లోపల టకటక కొట్టడం, పికప్ పడిపోవడం, వేడి మీద ఆగి మళ్లీ స్టార్ట్ కాకపోవడం, రేడియేటర్ ఉన్న బండిలో టెంపరేచర్ లైటు వెలగడం: భయపడాల్సింది వీటికి.

అపోహ: కాగిన ఇంజిన్ మీద నీళ్లు కుమ్మరిస్తే సరి.
వాస్తవం: లోహం ఒకచోటే హఠాత్తుగా కుంచించుకుపోతే హెడ్ వంకరపోవచ్చు, పగలొచ్చు. నీడలో ఆపి, దానంతటదే చల్లారనివ్వండి. ఆ తర్వాత సిలిండర్ రెక్కల సందుల్లో ఎండిన బురద ఉందేమో చూడండి. అది అట్ట కడితే గాలి తగలదు. రేడియేటర్ మూతను వేడి మీద తిప్పితే మరిగే కూలెంట్ మొహాన చిమ్ముతుంది.

అపోహ: చిక్కటి ఆయిల్ పోస్తే వేడి తగ్గుతుంది.
వాస్తవం: రాపిడి తగ్గించడంతో పాటు వేడిని మోసుకెళ్లడమూ ఆయిల్ పనే. మరీ చిక్కనిది సన్నటి దారుల్లో నెమ్మదిగా పారుతుంది. మాన్యువల్‌లో 10డబ్ల్యూ-30 అని ఉంటే అదే పోయండి. క్లచ్ ఆయిల్లోనే మునిగి ఉండే బండికి కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారి వేడి ఇంకా పెరుగుతుంది. డబ్బా మీద జాసో ఎంఏ అని ఉందో లేదో చూసుకోండి.

అపోహ: పెట్రోలు తక్కువ పోతే మంట తక్కువ, వేడీ తక్కువే.
వాస్తవం: ఎక్కువమంది తడబడేది ఇక్కడే. పెట్రోలు పూర్తిగా కాలాలంటే ఒక పాలుకి బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి. బరువు లాగేటప్పుడు అందే అదనపు పెట్రోలు ఆవిరవుతూ కొంత వేడిని లాక్కుంటుంది. అది తగ్గి మిశ్రమం పలచబడితే సిలిండర్ మరింత కాగుతుంది. ప్లగ్గు మొన ఇటుక రంగులో ఉంటే మేలు, నల్లటి మసి పడితే పెట్రోలు ఎక్కువ, తెల్లబడితే తక్కువ.

అయితే తక్కువైన ప్రతిసారీ తప్పు ఇంజెక్టర్‌ది కాదు. ట్యాంకులో పంపు జల్లెడ మూసుకుపోయినా అంతే, ఇంజిన్‌కి గాలి వెళ్లే దారిలో రబ్బరు పగిలినా అంతే. ఇంటర్‌సెప్టర్ 650 లాంటి రెండు సిలిండర్ల బండిలో ఒక్కటే కాగుతుంటే రెండు ఇంజెక్టర్లనీ అటుదిటు మార్చి చూడొచ్చు. వేడి పక్క సిలిండర్‌కి మారితే దోషి ఇంజెక్టరే. మారకపోతే ఇంకెక్కడో వెతకాలి.

అపోహ: ప్రతి సర్వీసింగ్‌లోనూ ఇంజెక్టర్ విప్పి, సూదితో పొడిచి, బ్యాటరీ తగిలించి కడగాలి.
వాస్తవం: బాగా నడుస్తున్నదాన్ని విప్పనక్కర్లేదు. దాని రంధ్రాలు కంటికి ఆనీ ఆననంత సన్నం. సూది గీటు పడితే తుంపరగా చిమ్మాల్సిన పెట్రోలు ధారగా కారుతుంది. బ్యాటరీ నేరుగా తగిలించి ఉంచితే లోపలి కాయిల్ కాలిపోతుంది. పైపులో సుమారు 3 బార్ ఒత్తిడి ఉంటుంది. అందుకే ముందు పంపు కనెక్టర్ ఊడదీసి, ఇంజిన్ దానంతటది ఆగేదాకా నడపాలి. పైపు విప్పడం ఆ తర్వాతే. శుభ్రం చేయాల్సింది అల్ట్రాసోనిక్ మెషిన్‌లో. తిరిగి బిగించేటప్పుడు ఓ-రింగులు కొత్తవి వేయాలి.

ఇంతకీ ఆ కుర్రాడి బండికి ఏమైంది? ఇన్‌టేక్ రబ్బరు మీద గోరు గీసినట్టు ఓ పగులు. రబ్బరు మారింది, ఐడిలింగ్ నిలకడపడింది. ఇంజెక్టర్ మాత్రం ఉన్నచోటే ఉంది.