గెలాక్సీ ఎస్25, ఎస్25 అల్ట్రా: రూ.49,000 తేడా దేనికి?

ఒకే కంపెనీ ఒకే రోజు విడుదల చేసిన రెండు ఫోన్ల ధరల మధ్య దాదాపు యాభై వేల తేడా ఉంటే ఎవరికైనా ఒక అనుమానం వస్తుంది. చవకది కొంటే ముఖ్యమైనదేదో పోగొట్టుకుంటామేమో, ఖరీదైనది కొంటే అక్కర్లేనిదానికి డబ్బు పోస్తామేమో అని. షోరూములో అడిగితే జాగ్రత్తగా విడమరచి చెప్పే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు. పెట్టె మీది అంకెలేమో అర్థం చెప్పవు. అందుకే ఆ తేడా ఎక్కడెక్కడ ఉందో నిదానంగా చూద్దాం.

శామ్‌సంగ్ 2025 జనవరి 22న అమెరికాలోని శాన్‌హోసేలో గెలాక్సీ ఎస్25 వరుసను ఆవిష్కరించింది. అందులో చిన్నది ఎస్25, పెద్దది ఎస్25 అల్ట్రా. రెండింటి మధ్య ఎస్25 ప్లస్ కూడా ఉంది. కానీ చాలామంది ఊగిసలాడేది ఈ రెండు కొసల మధ్యే. 12 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజీ ఉన్న రకానికి మన దేశంలో విడుదల నాటి ధర ఎస్25కి రూ.80,999, అల్ట్రాకి రూ.1,29,999. అంటే తేడా రూ.49,000. ఈ డబ్బుతో రోజువారీ పనుల్లో వేగం పెరగదు, ఫోన్ ఆయుష్షూ పెరగదు. పెద్ద తెర, దూరాన్ని దగ్గర చేసే కెమెరా, కాస్త ఎక్కువ బ్యాటరీ, ఒక పెన్ను వస్తాయి. ఎంపికంతా ఈ నాలుగింటి అవసరం మీదే ఆధారపడి ఉంది.

లోపలి చిప్ ఒక్కటే

ఫోన్‌కు మెదడు లాంటి ప్రాసెసర్ రెండింటిలోనూ ఒకటే: క్వాల్‌కామ్ తయారీ స్నాప్‌డ్రాగన్ 8 ఎలైట్. ఇది మామూలు విషయంలా కనిపించినా మన కొనుగోలుదారులకు పెద్ద మార్పు. అంతకుముందు ఏడాది వచ్చిన ఎస్24 వరుసలో అల్ట్రాకు స్నాప్‌డ్రాగన్ ఇచ్చి, భారత్‌లో చిన్న ఫోన్లకు శామ్‌సంగ్ సొంత చిప్ ఎక్సినాస్ 2400 పెట్టారు. అప్పుడు చిన్న ఫోన్ కొన్నవారికి చిప్ విషయంలో రెండో పీట వేశారన్న అసంతృప్తి మిగిలింది. ఎస్25తో ఆ తేడా పోయింది. ర్యామ్ కూడా రెండింటికీ 12 జీబీ.

కాబట్టి యూపీఐ చెల్లింపులు, వాట్సాప్, వీడియోలు, బ్యాంకు యాప్‌లు, రోజువారీ ఫొటోలు వంటి పనుల్లో ఒకటి రెండోదానికంటే వేగంగా ఉందని గుర్తుపట్టడం కష్టం. తేడా బయటపడేది ఎక్కువసేపు సాగే భారీ పనిలో. గంటసేపు పెద్ద గేమ్ ఆడినా, పొడవైన వీడియో తీసినా చిప్ వేడెక్కుతుంది. వేడి మితిమీరకుండా ఫోన్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అల్ట్రా ఒళ్లు పెద్దది, వేడిని చెదరగొట్టే ఏర్పాటూ పెద్దదే. అందుకే అది ఎక్కువసేపు నిలదొక్కుకుంటుంది. గేమ్‌లు ఆడని వారికి ఈ తేడా లెక్కలోకి రాదు.

కృత్రిమ మేధ సంగతీ ఇంతే. పక్క బటన్ నొక్కిపట్టుకుంటే పలికే గూగుల్ జెమిని, వీడియోలోంచి గాలి రొదనూ జనం గోలనూ తగ్గించే ఆడియో ఎరేజర్ రెండింటిలోనూ ఉన్నాయి. జెమినితో తెలుగులో మాట్లాడే వీలు గూగుల్ 2024లోనే ప్రకటించింది. ఈ సదుపాయాల కోసం పెద్ద ఫోన్ కొనాల్సిన పని లేదు.

తెర, బరువు

ఎస్25 తెర 6.2 అంగుళాలు, బరువు 162 గ్రాములు. అల్ట్రా తెర 6.9 అంగుళాలు, బరువు 218 గ్రాములు. కాగితం మీద 56 గ్రాములు చిన్న అంకే. అయితే పడుకుని ఫోన్ చూసేటప్పుడూ, బస్సులో ఒక చేత్తో కడ్డీ పట్టుకుని ఇంకో చేత్తో టైపు చేసేటప్పుడూ ఆ బరువు మణికట్టుకు తెలుస్తుంది. ఎస్25 తెర మీద దాదాపు ఏ మూలకైనా బొటనవేలు అందుతుంది. అల్ట్రాకు రెండో చెయ్యి సాయం కావాలి.

రెండు తెరల గరిష్ఠ వెలుగు 2,600 నిట్స్ అని కంపెనీ చెబుతుంది. నిట్ అంటే తెర ఎంత కాంతినిస్తుందో కొలిచే ప్రమాణం. ఆ గరిష్ఠం ఎప్పుడూ అందేది కాదు, ఎర్రటి ఎండలో ఉన్నప్పుడు ఫోన్ అవసరాన్ని బట్టి ఆ స్థాయి వైపు వెళుతుంది. ఇక్కడ అల్ట్రాకు ఒక నిజమైన మేలుంది. దాని అద్దం గొరిల్లా ఆర్మర్ 2 బయటి ప్రతిబింబాలను బాగా తగ్గిస్తుంది. మే నెల ఎండలో బయట నిలబడి పనిచేసే వారికి తెరలో తమ ముఖం, పైనున్న ఆకాశం కాక చదవాల్సిన అక్షరాలే కనిపిస్తాయి. ఎస్25 అద్దం గొరిల్లా గ్లాస్ విక్టస్ 2 గట్టిదే గాని, ఈ గుణం దానికి లేదు. అల్ట్రా మీద మామూలు స్క్రీన్‌గార్డు అతికిస్తే ఆ మేలు చాలావరకు పోతుందన్నది గుర్తుంచుకోవాలి.

చదువు ఎక్కువగా ఫోన్‌లోనే సాగేవారికి, చత్వారం వచ్చి అక్షరం పెద్దదిగా పెట్టుకునే వారికి 6.9 అంగుళాలు ఎంతో సుఖం. తెలుగు ఈ-పేపర్ పేజీని చిన్న తెర మీద అటూ ఇటూ జరుపుతూ చదవాలి. పెద్ద తెర మీద ఆ శ్రమ తగ్గుతుంది.

కెమెరా: 200 అంకె వెనక

ఎస్25 ప్రధాన కెమెరా 50 మెగాపిక్సెల్, అల్ట్రాది 200 మెగాపిక్సెల్. అంటే నాలుగు రెట్లు మంచి ఫొటో వస్తుందని అర్థం కాదు. మామూలుగా తీసినప్పుడు రెండు ఫోన్లూ ఇచ్చేది సుమారు 12 మెగాపిక్సెల్ ఫొటోయే. అల్ట్రాలో పదహారు చిన్న పిక్సెళ్లు కలిసి ఒక్కటిగా పనిచేస్తాయి, ఎస్25లో నాలుగు కలుస్తాయి. పదహారు చిన్న గిన్నెల్లో పడ్డ వాననీటిని ఒక్క బిందెలోకి వంపుకున్నట్టు, చిన్న పిక్సెళ్లకు అందిన కొద్దికొద్ది కాంతిని కలిపి ఒక మంచి చుక్కగా మలుస్తారు. మంచి వెలుతురులో 200 మెగాపిక్సెళ్లనూ విడివిడిగా వాడుకుని, ఫొటోలో కావలసిన భాగాన్ని కత్తిరించి పెద్దది చేసుకోవచ్చు. పగటిపూట ఇంట్లో, వీధిలో తీసే సాధారణ ఫొటోల్లో మాత్రం రెండింటి మధ్య తేడా స్వల్పం. సెల్ఫీ కెమెరా రెండింటికీ 12 మెగాపిక్సెల్.

అసలు తేడా దూరంలో ఉంది. రెండు ఫోన్లలోనూ 10 మెగాపిక్సెల్, మూడు రెట్ల జూమ్ కెమెరా ఒకటుంది. అల్ట్రాలో దీనికి తోడు 50 మెగాపిక్సెల్, ఐదు రెట్ల జూమ్ కెమెరా ఇంకొకటుంది. కటకంతో వచ్చే జూమ్ వేరు, ఫొటోను కత్తిరించి సాగదీసే డిజిటల్ జూమ్ వేరు. కటకం దూరాన ఉన్న వస్తువు వివరాలను నిజంగానే సెన్సర్ మీదికి తెస్తుంది. డిజిటల్ జూమ్ ఉన్న వివరాలనే పెద్దవి చేసి చూపిస్తుంది, లేనివాటిని సాఫ్ట్‌వేర్ ఊహించి పూరిస్తుంది. ఎస్25 మూడు రెట్లు దాటాక ఆ పని మొదలుపెడుతుంది. పది రెట్ల దగ్గర ముఖాలు, అక్షరాలు, ఈకలు అలుక్కుపోవడం కనిపిస్తుంది. అదే దూరంలో అల్ట్రా ఫొటో నిలబడుతుంది.

కూచిపూడి ప్రదర్శనను వెనక వరసలోంచి తీసేవారికి, బడి వార్షికోత్సవంలో వేదిక మీది పిల్లను తీయాలనుకునే తల్లిదండ్రులకు, కొల్లేరు ఆటపాకలో గూడబాతుల్ని తీసేవారికి ఈ ఒక్క కటకమే అల్ట్రా కొనడానికి బలమైన కారణం. దానికీ ఒక హద్దుంది. ఐదు రెట్ల కటకం లోపలికి రానిచ్చే కాంతి ప్రధాన కెమెరా కంటే బాగా తక్కువ. చీకటి పడ్డాక దూరపు ఫొటోలో ఆ లోటు తెలుస్తుంది.

విశాలమైన దృశ్యాన్ని పట్టే అల్ట్రావైడ్ కెమెరా ఎస్25లో 12 మెగాపిక్సెల్, అల్ట్రాలో 50 మెగాపిక్సెల్. ఒక పువ్వునో పురుగునో అతి దగ్గరగా తీయాలన్నా అల్ట్రాయే మేలు.

బ్యాటరీ, చార్జింగ్

ఎస్25 బ్యాటరీ 4,000 ఎంఏహెచ్, అల్ట్రాది 5,000. నాలుగో వంతు ఎక్కువ అయినా పెద్ద తెర అందులో కొంత తినేస్తుంది. ఆగకుండా వీడియో చూస్తే ఎస్25 29 గంటల వరకు, అల్ట్రా 31 గంటల వరకు వస్తాయని శామ్‌సంగ్ లెక్క. అది ప్రయోగశాల లెక్క. రోజంతా మొబైల్ డేటా మీద, మ్యాప్ చూసుకుంటూ, ఎండలో తెర వెలుగు పెంచుకుని తిరిగేవారికి ఎస్25 సాయంత్రానికి చార్జర్ అడుగుతుంది.

చార్జింగ్ వేగం ఎస్25కి 25 వాట్లు, అల్ట్రాకి 45 వాట్లు. పెట్టెలో చార్జర్ ఉండదు, తీగ మాత్రమే ఇస్తారు. మెమరీ కార్డు పెట్టుకునే చోటూ లేదు కాబట్టి స్టోరేజీ ఎంత కావాలో కొనేరోజే తేల్చుకోవాలి. బ్యాటరీ విషయంలో రెండు ఫోన్లూ పోటీదారుల కంటే వెనకబడ్డాయనే చెప్పాలి. అదే జనవరిలో మన మార్కెట్‌లోకి వచ్చిన వన్‌ప్లస్ 13లో ఇదే స్నాప్‌డ్రాగన్ 8 ఎలైట్‌తో పాటు 6,000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉంది, విడుదల నాటి ప్రారంభ ధర రూ.69,999. బ్యాటరీయే ముఖ్యమనుకునేవారు దాన్నీ చూసి నిర్ణయించుకోవడం మంచిది.

పెన్ను

అల్ట్రా ఒంట్లోనే ఎస్ పెన్ ఇమిడి ఉంటుంది. చేత్తో నోట్సు రాసుకునే విద్యార్థులకు, పత్రాల మీద సంతకాలు చేసేవారికి, బొమ్మలు వేసేవారికి అది పనికొచ్చే పరికరం. పాత అల్ట్రాల పెన్నులో బ్లూటూత్ ఉండేది, దూరం నుంచి పెన్ను బటన్ నొక్కి ఫొటో తీసుకునేవారు. ఎస్25 అల్ట్రా పెన్నులో ఆ సౌకర్యం తీసేశారు. దానికి అలవాటుపడ్డ పాత అల్ట్రా యజమానులు మారేముందు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఏడేళ్ల లెక్క

రెండు ఫోన్లకూ ఏడు ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్లు, ఏడేళ్ల భద్రతా అప్‌డేట్లు ఇస్తామని శామ్‌సంగ్ మాట ఇచ్చింది. బ్యాంకు ఖాతా మొత్తం ఫోన్‌లో ఉండే ఈ రోజుల్లో భద్రతా అప్‌డేట్ ఆగిపోయిన ఫోన్ వాడటం ప్రమాదం. ఈ హామీ ఖరీదైన ఫోన్‌కే పరిమితం కాకపోవడం కొనేవారికి మేలు చేసే సంగతి.

విడుదల నాటి ధరకు కొని ఏడేళ్లూ వాడితే ఎస్25 ఖర్చు ఏడాదికి సుమారు రూ.11,570, అల్ట్రాది రూ.18,570. తేడా ఏడాదికి రూ.7,000. మధ్యలో ఒకసారైనా బ్యాటరీ మార్పించుకోవాల్సి రావచ్చు, ఆ ఖర్చు రెండింటికీ ఉంటుంది. రెండేళ్లకే ఫోన్ మార్చే అలవాటున్నవారికి ఈ లెక్క వర్తించదు. వారికి ఏడేళ్ల హామీ విలువ పాత ఫోన్ అమ్మేటప్పుడు పలికే ధరలోనే కనిపిస్తుంది.

ఎవరికి ఏది?

మూడు ప్రశ్నలు వేసుకోండి. దూరం నుంచి తరచూ ఫొటోలు తీస్తారా? గంటల కొద్దీ ఫోన్‌లోనే చదువుతారా, రాస్తారా? ఎక్కువ సమయం ఎండలో, చార్జర్‌కు దూరంగా గడుపుతారా? వీటిలో రెండింటికి అవునన్న జవాబు వస్తే అల్ట్రాకు పెట్టే అదనపు డబ్బు సద్వినియోగమే. ఒక్కదానికీ రాకపోతే ఎస్25 తీసుకోండి. అదే చిప్, అదే ర్యామ్, అవే ఏడేళ్లు, తేలికైన ఒళ్లు. వాయిదాల మీద కొనేవారికి నెలవారీ కంతు చిన్నదిగా కనిపించి అల్ట్రా వైపు మనసు లాగుతుంది, అప్పుడు కంతును కాక మొత్తం ధరను చూడండి. డబ్బు కట్టేముందు రెండు ఫోన్లనూ ఒక్కో చేత్తో కాసేపు పట్టుకుని, ఒక తెలుగు పేజీ చదివి, వీధి చివరి బోర్డును జూమ్ చేసి ఫొటో తీసి చూడండి. ఆ తర్వాత కూడా మనసు తేల్చుకోలేకపోతే, ఎక్కువమందికి సరిపోయేది ఎస్25 అన్నదే నా తీర్పు.