ఒక్క కొవ్వొత్తి

2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖను అతలాకుతలం చేసింది. కరెంటు లేదు, కుళాయి నీళ్లు లేవు. రెండు రోజుల తర్వాత పూర్ణా మార్కెట్‌లో ఒక దుకాణంలో మిగిలిన కొవ్వొత్తులన్నీ నేనే కొన్నాను. వెనకే ఉన్న ముసలమ్మ ‘ఒక్కటియ్యి బాబూ’ అంది. ‘ఇంట్లో పిల్లలున్నారమ్మా’ అంటూ వచ్చేశాను.

ఆ రాత్రి ఆ వెలుగులోనే బైబిలు తెరిస్తే యోహాను మొదటి పత్రిక మూడో అధ్యాయం నన్ను నిలదీసింది. సాటివాడి కష్టాన్ని కళ్లారా చూసి చేయి ముడుచుకున్నవాడు దైవప్రేమ గురించి ఏం మాట్లాడగలడు? మర్నాడు వెతికాను, ఆమె కనిపించలేదు. ప్రేమపై ఎన్నో ప్రసంగాలు చేసిన నేను ఒక్క కొవ్వొత్తి దగ్గర ఓడిపోయాను.

ప్రియులారా, మన విశ్వాసం అంగట్లోనే తూకానికి వస్తుంది. వెనక నిలబడిందెవరో ఒకసారి తిరిగి చూద్దాం.