మోటారు సైకిలు బ్రేకు: పందెపు బాటలోను, కనుమ దారిలోను

కర్నూలు నుంచి నందికొట్కూరు మీదుగా వచ్చే రోడ్డు ఆత్మకూరు దాటి, బైర్లూటి దగ్గర నల్లమల అడవిలో ప్రవేశిస్తుంది. ఒకప్పుడు కర్నూలు జిల్లాలో ఉండిన ఆత్మకూరు 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లాలోనిది. శివరాత్రి దినములలో కాలినడక భక్తులు ఇక్కడి నుంచి వెంకటాపురం, నాగలూటి, భీముని కొలను మీదుగా శ్రీశైలం చేరుతారు. మోటారు సైకిళ్లవారికి ఆ అడవి బాట పనికిరాదు. వారు దోర్నాల వైపు పోయి, ఘాటు రోడ్డు ఎక్కవలసినదే. ఎక్కినవారు మరల దిగవలసినదే. ఈ ప్రసంగము ఆ దిగుటను గురించినది.

సుమారు ఇరవై ఏళ్ల క్రిందట మేము, మా మిత్రుడొకరు శ్రీశైలం నుంచి ఒకే బండి మీద తిరిగి వస్తున్నాము. అది చిన్న బండి. దాని రెండు చక్రములకూ డ్రమ్ము బ్రేకులే. ఆత్మకూరు వైపు వాలు మొదలు కాగానే, పెట్రోలు మిగులుతుందన్న ఆశతో, ఇంజను ఆపి, గేరు తప్పించి, బండిని తన మానాన దొర్లనిచ్చినాము. వేగము మితిమీరకుండా కుడికాలు వెనుక బ్రేకు మీద ఆనించియే ఉంచినాము. ముందు బ్రేకు జోలికి పోలేదు. అది పడితే బండి తలక్రిందులవుతుందని మాకు బండి నేర్పినవారు చెప్పియున్నారు. కొంత దూరము దిగిన తరువాత కాలిన వాసన వచ్చినది. అటు తరువాత పెడలు ఎంత త్రొక్కినా బండికి లెక్క లేదు. అదృష్టవశమున ఒక మలుపు ముందు రోడ్డు కొంచెము ఎత్తెక్కినది గనుక ఆగినాము. వెనుక చక్రపు నడిమి భాగము మీద నీళ్లు చిలకరిస్తే, కాలిన పెనము మీద వలె చుయ్యిమన్నది. అరగంట తరువాత చూస్తే అదే బ్రేకు ఎప్పటివలె పట్టినది! తెగినది లేదు, విరిగినది లేదు. మరి ఆ అరగంట ముందు ఏమైనట్లు?

దీనికి సమాధానము పందెపు మోటారు సైకిళ్ల వారికి బాగుగా తెలుసు. వారి విద్యలో సగము బండిని పరుగెత్తించుట అయితే, తక్కిన సగము ఆ పరుగును తగిన చోట చంపుట. పందెములలో కొన్ని కేవలము సమతలము మీద జరిగేవి కావు. ఐల్ ఆఫ్ మాన్ అనే చిన్న ద్వీపములో 1907 నుంచి మోటారు సైకిలు పందెములు జరుగుతున్నవి. 1911లో ఆ పందెమును కొండబాటకు మార్చినారు. ఒక్కొక్క చుట్టు సుమారు 60 కిలోమీటర్లు. సముద్రతీరపు పట్టణము నుంచి బయలుదేరి, 400 మీటర్లకు పైగా ఎక్కి, మరల ఆ పట్టణమునకే దిగవలెను. అక్కడి రౌతుకూ, మన ఘాటు రోడ్డు మీది రౌతుకూ వేగములో పోలిక లేకపోయినా ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే.

బ్రేకు బండిని ఆపుతుందని అందరమూ అంటాము. కాని అది నిజముగా చేసేది మరొక పని. పరుగెత్తే బండిలో శక్తి ఉన్నది. శక్తి నశించదు, రూపము మార్చుకొంటుంది. బ్రేకు ఆ చలనశక్తిని రాపిడి ద్వారా వేడిమిగా మారుస్తుంది. అరచేతులు రెండూ గట్టిగా రుద్దుకొంటే వెచ్చనగుటకు కారణమేదో, దీనికీ అదే. కావున బ్రేకు అనగా వేడిమిని పుట్టించే యంత్రము. పుట్టిన వేడిమిని గాలిలోనికి ఎంత త్వరగా వదలగలదన్నదాని మీదనే దాని మంచిచెడ్డలు ఆధారపడి ఉంటవి.

ఇక్కడ కొంచెము లెక్క అవసరము. శ్రోతలు విసుగు చెందరని ఆశిస్తాము. బండి, ఇద్దరు మనుషులు, సంచులు కలిసి 280 కిలోలు అనుకొందాము. గంటకు 60 కిలోమీటర్ల వేగములో ఉన్న ఆ బండిని పూర్తిగా ఆపుటకు బ్రేకులు సుమారు 39 వేల జౌళ్ల శక్తిని మ్రింగవలెను. వేగము రెట్టింపయి 120 అయితే ఈ శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. ఇది సమతలము మాట. ఇక కొండ దిగుటను చూడండి. అదే బండి నిలువున 100 మీటర్ల ఎత్తు దిగితే, వేగము ఏ మాత్రము పెరగకుండా చూచుకొన్నప్పటికీ, 2 లక్షల 74 వేల జౌళ్లు ఎక్కడికో పోవలెను. అనగా 60 కిలోమీటర్ల వేగము నుంచి ఏడుసార్లు ఆపినంత! దానిలో కొంత గాలి తీసుకొంటుంది, కొంత టైర్లు తీసుకొంటవి. తక్కినది ఇంజను ఆపి దొర్లే బండిలో బ్రేకులకే మిగులుతుంది. మేమాదినమున ఆ భారమంతా ఒక్క వెనుక డ్రమ్ము నెత్తిన పెట్టినాము.

డ్రమ్ము బ్రేకు నిర్మాణము సులభము. చక్రముతో పాటు తిరిగే లోహపు గిన్నె ఒకటి. దాని లోపల అర్ధచంద్రాకారపు షూలు రెండు. వాటికి అంటించిన లైనింగు. పెడలు త్రొక్కగానే ఒక చిన్న మర తిరిగి షూలను వెడల్పు చేస్తుంది. లైనింగు గిన్నె లోపలి గోడకు ఒరుసుకొంటుంది. తిరిగే దిశలోనే వాలి ఉన్న షూను గిన్నె తనతో ఇంకా లోనికి లాగికొంటుంది గనుక, త్రొక్కిన బలము కంటె పట్టు ఎక్కువగా ఉంటుంది. ఇది దాని సుగుణము. మరి వేడిమి పుట్టే చోటు మూసిన గిన్నె లోపల గదా! అది ఎగ్గిపోయే త్రోవ ఇరుకు. లోహము వేడెక్కితే వ్యాకోచిస్తుంది. అందుచేత గిన్నె పెద్దదై షూలకు దూరముగా జరుగుతుంది. పెడలు మరికొంత లోతు త్రొక్కితే గాని అందదు. అంతలో లైనింగులోని జిగురు పదార్థములు మాడి వాయువులను వదలుతవి. రాపిడి గుణము తగ్గిపోతుంది. చల్లారిన తరువాత చాలవరకు యథాస్థితికి వస్తుంది. మా బండి విషయములో జరిగినది ఇదియే.

డిస్కు బ్రేకు ఈ చిక్కును తప్పించుటకు వచ్చినది. ఉక్కు పళ్లెము వంటి డిస్కు చక్రముతో తిరుగుతూ ఉంటుంది. కాలిపర్ అనే పట్టుకారు రెండు వైపుల నుంచి ప్యాడులతో దానిని అదుముతుంది. డిస్కు బయటి గాలిలో తిరుగుతున్నది గనుక వేడిమి వెంటనే గాలికి పోతుంది. వ్యాకోచించినా ప్యాడుల వైపే జరుగుతుంది గాని దూరము కాదు. వాగు దాటినప్పుడు నీరు తగిలినా రెండు చుట్లలో విదల్చివేస్తుంది. 1969లో హోండా వారి 750 సీసీ బండి డిస్కు బ్రేకుతో పెద్ద సంఖ్యలో తయారై మార్కెట్టులోనికి వచ్చిన తరువాత దీని వ్యాప్తి పెరిగినది. మన దేశమునకు ఆలస్యముగానే చేరినది. జపానులో డిస్కుతో అమ్మిన యమహా 350నే 1983 నుంచి మన దేశములో రాజ్‌దూత్ 350గా తయారుచేసినప్పుడు, దానికి డ్రమ్ము బ్రేకులనే అమర్చినారు. ఆ రోజులలో దాని వేగమును మెచ్చుకొన్నవారే, ఆపవలసి వచ్చినప్పుడు దేవుని తలచుకొనేవారు.

చేతి వ్రేళ్ల బలము కాలిపర్‌కు చేరే విధము కూడ తెలిసికొనదగినదే. మూసిన ద్రవము మీద ఒక చోట ఒత్తిడి చేస్తే అది అన్ని వైపులకూ సమముగా వ్యాపిస్తుందని పదిహేడవ శతాబ్దములో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాస్కల్ కనుగొన్నాడు. హాండిలు దగ్గర ఉన్న పిస్టను చిన్నది, కాలిపర్‌లోనిది పెద్దది. పెద్దదాని వైశాల్యము అయిదు రెట్లయితే బలము కూడ అయిదు రెట్లవుతుంది. అందువలననే పందెపు రౌతులు ఒకటి రెండు వ్రేళ్లతోనే అంతటి బండిని నిగ్రహించగలుగుతున్నారు.

2023 సెప్టెంబరులో గ్రేటర్ నోయిడా దగ్గరి బుద్ధ సర్క్యూటులో మోటో జీపీ పందెము మన దేశములో మొదటిసారి జరిగినది. ఆ తరగతి బండ్లు 340 కిలోమీటర్ల వేగమును దాటగలవు. ఆ వేగమున వచ్చిన బండి మలుపు దగ్గర 90కి తగ్గవలెననుకొందాము. రౌతుతో కలిపి 240 కిలోలు అనుకొంటే, అయిదారు సెకండ్లలో సుమారు 10 లక్షల జౌళ్లు వదిలించుకోవలెను. మూడు లీటర్ల చన్నీళ్లను మరిగించుటకు అంత వేడిమి చాలును. ఉక్కు డిస్కులకు ఇది ప్రతి చుట్టులోను, ప్రతి మలుపులోను భరించరాని భారము. అందుచేత వారు ముందు చక్రమునకు బొగ్గు పదార్థమైన కార్బన్‌తో చేసిన డిస్కులను వాడుతున్నారు. వాటి స్వభావము విచిత్రము. చల్లగా ఉన్నంతసేపు సరిగా పట్టవు. రెండు వందల డిగ్రీలు దాటి వేడెక్కితే గాని పనిలోనికి దిగవు. మన రోడ్ల మీద, సంతలో గేదె అడ్డము వచ్చినప్పుడు ఆపవలసిన బండికి అవి ఎందుకూ పనికిరావు. పందెపు వస్తువులన్నీ మనకు మేలైనవే అనుకొనేవారు ఈ సంగతి గమనించవలెను. ఇంతెందుకు, మట్టిబాట మీద జరిగే స్పీడ్‌వే పందెపు బండ్లకు అసలు బ్రేకులే ఉండవు!

ఇప్పుడు ముందు బ్రేకు సంగతి. దీని మీద మన ప్రాంతములో ఉన్న భయము చాలా ప్రాణములను తీసినదని మా నమ్మకము. బ్రేకు ఎంత గొప్పదైనా రోడ్డును పట్టుకొనేది అరచేయి అంత టైరు ముక్కయే. ఆ ముక్క మీద ఎంత బరువు ఆనితే అంత పట్టు. నిలిచియున్న బండిలో బరువు రెండు చక్రముల మీద ఇంచుమించు సమముగా ఉంటుంది. బ్రేకు పడగానే, బస్సులో నిలుచున్నవారు ముందుకు తూలినట్లే, బరువు ముందు చక్రము మీదికి పోతుంది. పొడి రోడ్డు మీద గట్టిగా ఆపినప్పుడు నూటికి ఎనభై పాళ్ల బరువు ముందు చక్రము మీదనే ఉంటుంది. వాలు దిగేటప్పుడు అది ఇంకా ఎక్కువ. వెనుక చక్రము తేలికపడి, కొంచెము గట్టిగా త్రొక్కినా తిరుగుట మాని జారుతుంది. పందెములలో వెనుక చక్రము నేలను వీడి గాలిలో ఉండగా బ్రేకు వేసే దృశ్యములు సాధారణము. అంటే ఆ క్షణమున పని అంతా ముందు బ్రేకుదే.

అట్లని వెనుక బ్రేకు వృథా అనరాదు. ఆస్ట్రేలియా రౌతు మిక్ డూహన్‌కు 1992లో నెదర్లాండ్సులోని ఆసెన్‌లో కాలు తీవ్రముగా దెబ్బతిన్నది. పెడలు త్రొక్కుట కష్టమై, ఎడమచేతి బొటనవ్రేలితో నొక్కే వెనుక బ్రేకును అమర్పించుకొన్నాడు. ఆ పిమ్మట 1994 నుంచి 1998 వరకు వరుసగా అయిదు సంవత్సరములు ప్రపంచ విజేత అయినాడు. బండిని నిలకడగా ఉంచుటకు ఆ చిన్న బ్రేకు అంత విలువైనదన్నమాట.

ముందు బ్రేకు పట్టితే పడిపోయినవారు లేరా? ఉన్నారు. వారు పట్టిన తీరులో లోపమున్నది. బరువు ముందుకు చేరకముందే గుప్పిట బిగించితే చక్రము బిగుసుకొని జారుతుంది. మొదట మెల్లగా అదిమి, బరువు ముందుకు వచ్చిన కొలది బిగువు పెంచవలెను. ఈ వ్యవధి సెకనులో కొద్ది భాగమే అయినా దానిలోనే అంతా ఉన్నది. ఇది తిన్నని రోడ్డు మీద మాట. పందెపు రౌతు మలుపులోనికి వాలుతూ కూడ బ్రేకును కొద్దికొద్దిగా వదలుతూ పోతాడు. అతని బాట ఊడ్చినది, ఎదురు బండి రాదు. మన రోడ్డు మలుపులో నాపరాతి లారీలు రాల్చిన పొడి ఉండవచ్చును, తొలకరి చినుకులకు నూనె, దుమ్ము కలిసిన జిడ్డు ఉండవచ్చును. కనుక మలుపునకు ముందే వేగము తగ్గించి, తిరిగేటప్పుడు బ్రేకు వదలివేయుట మంచిది.

చక్రము బిగుసుకొనకుండా చూచే యాంటీ లాక్ పద్ధతిని మోటారు సైకిలుకు 1988లో బి.ఎం.డబ్ల్యు. వారు తెచ్చినారు. చక్రము ఆగబోతున్నదని గ్రహించగానే ఒత్తిడిని వదలి, మరల పట్టి, సెకనులో అనేక పర్యాయములు ఇట్లు చేస్తుంది. మన దేశములో 125 సీసీ మించిన కొత్త బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఇది తప్పనిసరి చేసినారు. అంతకు తక్కువ వాటికి, ఒక్క బ్రేకు వేస్తే రెండు చక్రములకూ పట్టే పద్ధతిని విధించినారు. మోటో జీపీలో మాత్రము దీనిని అనుమతించరు. అయితే ఇది జారుటనే ఆపగలదు. వేడిమిని గురించి దీనికేమీ తెలియదు.

వేడిమికి మందు ఇంజనులోనే ఉన్నది. గేరులో ఉంచి పెట్రోలు పిడి వదలివేస్తే, చక్రమే ఇంజనును త్రిప్పవలసి వస్తుంది. ఇంజను అప్పుడు గాలిని పీల్చి నెట్టే పంపు అయి, దిగే బండి శక్తిని తాను తీసుకొంటుంది. వాలు ఎక్కువైతే రెండవ గేరు, ఇంకా ఎక్కువైతే మొదటిది. ఏ గేరులో ఎక్కగలమో ఆ గేరులోనే దిగవలెనని లారీ డ్రైవర్లు చెప్పేది శాస్త్రసమ్మతమే. బ్రేకును అదే పనిగా ఆనించి ఉంచక, ఒకసారి గట్టిగా పట్టి వేగము తగ్గించి, పూర్తిగా వదలి గాలి తగలనీయవలెను. మేము పెట్రోలు మిగుల్చుకొనుటకు ఇంజను ఆపి, ఉన్న బ్రేకులలో అన్నిటికంటె బలమైనదానిని చేతులారా పోగొట్టుకొన్నాము. మిగిలిన పెట్రోలు ఒక గ్లాసెడు ఉండునేమో.

డిస్కు బండి వారికి మరొక జాగ్రత్త. గొట్టములోని బ్రేకు ద్రవము గాలిలోని తేమను పీల్చుకొంటుంది. డాట్ 4 రకము కొత్తగా ఉన్నప్పుడు కనీసము 230 డిగ్రీల వరకు మరగదు. తేమ చేరిన తరువాత 155 డిగ్రీలకే మరగవచ్చును. మరిగితే గొట్టములో ఆవిరి బుడగలు పుడతవి. ద్రవము అణగదు గాని ఆవిరి అణుగుతుంది. అప్పుడు బ్రేకు పిడి హాండిలు దాకా వచ్చినా కాలిపర్‌కు కబురే అందదు. రెండేండ్లకొకసారి ద్రవము మార్చవలెనని చెప్పుట ఇందుకే.

ఈ మధ్య మరల అటు పోతూ ఆత్మకూరులో ఒక మెకానిక్కు దగ్గర ఆగినాము. ఇప్పటి మా బండికి ముందు డిస్కు ఉన్నది. అతడు హాండిలు మీది చిన్న డబ్బా మూత విప్పి, "చూడండి సార్, టీ డికాషను మాదిరి అయింది" అన్నాడు. కొత్త సీసా ఎత్తి వెలుతురుకు పట్టినాడు. అది లేత గడ్డి రంగులో తేటగా ఉన్నది. పాతదానిని కాలిపర్ చీల నుంచి ఒక ప్లాస్టిక్ గొట్టము ద్వారా వదలివేసి, బుడగలు రావుట మానేవరకు పిడిని ఓపికగా నొక్కుతూ, వదలుతూ కొత్తది ఎక్కించినాడు. పావుగంట పట్టినది. తరువాత బైర్లూటి వైపు బయలుదేరినాము.