ఆర్గానిక్ చికెన్‌కి ఎంత ఎక్కువ ఇవ్వొచ్చు?

ఈరోజు నా జేబుకి చిల్లు పడిన కథతో మొదలుపెడతాను. పోయిన ఆదివారం చికెన్ కోసం వెళ్ళాను. మామూలు బ్రాయిలర్ కిలో 240 రూపాయలు. పక్కనే "ఆర్గానిక్" అని రాసిన ప్యాకెట్, కిలో 520. మా అమ్మకి ఆపరేషన్ అయ్యి నెల కూడా కాలేదు, మంచిది పెడదామని అదే తెచ్చాను. ఇంటికొచ్చి ప్యాకెట్ తిప్పి చూస్తే లోగో లేదు, సర్టిఫికెట్ నంబర్ లేదు. మరి ఆ 280 రూపాయలు దేనికి ఇచ్చినట్టు?

అమెరికాలోని ఆర్కాన్సాలో ఇదే విషయం మీద ఒక సర్వే చేశారు, 2011లో అచ్చయింది. కోడి బ్రెస్ట్ మాంసం మీద ఊరికే "ఆర్గానిక్" అని ఉంటే జనం సగటున 35 శాతం ఎక్కువ ఇస్తామన్నారు. అదే ప్రభుత్వ ముద్ర కూడా ఉంటే 104 శాతం. చూశారా? ఆ రెండింటి మధ్య తేడా మాంసానిది కాదు, నమ్మకానిది. నేనేమో ముద్ర లేకుండానే 117 శాతం ఎక్కువ ఇచ్చొచ్చాను! ఇంకోటి, సర్వేలో నోటితో చెప్పడం వేరు, కౌంటర్ దగ్గర డబ్బు తీయడం వేరు. మాటల్లో మనం కాస్త ఉదారంగానే ఉంటాం.

అలాగని ఎక్కువ ధర అంతా మోసం అనుకోకండి. కోళ్ల పెంపకంలో పెద్ద ఖర్చు దాణాదే. ఆర్గానిక్ అంటే ఆ దాణా కూడా ఆర్గానిక్‌గా పండించిందే అయ్యుండాలి. కోడి తిరగడానికి చోటు కావాలి, త్వరగా పెరగాలని యాంటీబయాటిక్స్ పెట్టకూడదు. ఇవన్నీ ఖర్చే కదా.

మనవాళ్ళు ఎక్కువగా పొరపడేది నాటుకోడి దగ్గర. నాటు అనేది జాతి, ఆర్గానిక్ అనేది పెంచే పద్ధతి. నాటుకోడి అయినంత మాత్రాన ఆర్గానిక్ అయిపోదు. "యాంటీబయాటిక్ ఫ్రీ" అన్నా అంతే, అది ఆర్గానిక్‌లో ఒక భాగం మాత్రమే.

మరి ఏం చూడాలి? మన దేశంలో ఆర్గానిక్ ఆహారానికి 2017లో ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనలు తెచ్చింది. ప్యాకెట్ మీద ప్రభుత్వ ఆర్గానిక్ లోగో ఉందా అని చూడండి. నేరుగా అమ్ముకునే చిన్న రైతులకి సర్టిఫికెట్ నుంచి మినహాయింపు ఉంది. అలాంటప్పుడు దాణా ఏం పెడతారు, మందులు ఏం వాడతారు అని మొహమాటం లేకుండా అడగండి.

ఇంతకీ ఆ కూర తిని మా అమ్మ ఏమందో తెలుసా? "బాగుందిరా, మామూలు కోడిలాగే ఉంది" అంది. అసలు చిక్కే అది. నాలుకతో రుచి తెలుస్తుంది గానీ, కోడి ఏం తిని పెరిగిందో తెలియదు. అందుకే ఈసారి ధర కంటే ముందు లేబుల్ చదవండి. ఉంటాను, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.